గున్నమ్మ చెరిగిన గుళికలు

మా ఫ్యాక్టరీ గేటు దగ్గర గున్నమ్మకూ సెక్యూరిటీ వాళ్లకూ రోజూ పొద్దున్నే ఒక పేచీ. గున్నమ్మ చుట్ట తాగేది అడ్డపొగ. అంటే వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని, చల్లటి కొసను బయటికి వదులుతుంది. మాదేమో ఆల్కహాల్ లాంటి ద్రావకాలను శుద్ధిచేసే ఫ్యాక్టరీ, లోపలికి అగ్గిపుల్లను కూడా రానివ్వరు.

"నిప్పు నా నోట్లోన ఉన్నాది గదా బాబూ! బయటికి ఏటి కనిపిస్తంది? కాల్తే నా నాలికే కాల్తాది, మీ కంపినీ కాల్దు" అనేది ఆవిడ. వాదన బాగానే ఉండేది గానీ చుట్ట మాత్రం రోజూ గేటు దగ్గరే ఆరిపోయేది. చివరి పీల్పు పీల్చి, కళ్లు మూసుకుని, దగ్గరివాళ్లను సాగనంపినట్టు దాన్ని సాగనంపి లోపలికొచ్చేది.

నేను అక్కడి లేబ్‌లో కెమిస్టుని. శ్రీకాకుళం నుంచి బస్సులో వచ్చి పోతుంటాను. నా పేరు శైలజ. గున్నమ్మ నోట్లో పడితే సైలు పాప, నా నోట్లో ఆవిడ అత్త. ఆవిడది ఫ్యాక్టరీ వెనక ఊరే, అరవై దాటుంటాయి. కాంట్రాక్టు మీద మొక్కలకు నీళ్లు పోసే పని. ఆ పనంటే ఆవిడకి ఏమాత్రం గౌరవం లేదు. "ఈ క్రోటన్లు కాయవు, పుయ్యవు. వీటికి నీళ్లు పొయ్యడం ఏటి, సోకు కాకపోతే?" అని మొక్కల ముందే అనేసేది.

ఆవిడ అసలు పని చెరగడం. కళ్లంలో గున్నమ్మ చేట పట్టిందంటే తాలు ఒక పక్కకి, గింజ ఒక పక్కకి చెప్పినట్టు వెళ్లిపోయేవట. పక్క ఊళ్ల రైతులు కూడా ముందుగా వచ్చి కబురు చెప్పుకునేవారట. ఇదంతా నాకు ఆవిడే చెప్పింది, ఒకసారి కాదు. తర్వాత కోత మిషన్లు వచ్చాయి. మిషనే కోసి, నూర్చి, తూర్పారబట్టి బస్తాల్లోకి పోసేస్తుంటే చేటతో ఎవరికి పని? గున్నమ్మ చేట అటకెక్కింది. అప్పటి నుంచి తనను ఎవరూ పిలవలేదన్న బాధ ఆవిడకి కడుపులో ఉండిపోయింది. అందుకే అన్నిసార్లు చెప్పేది.

అలాంటి గున్నమ్మకు ఫ్యాక్టరీలో చెరిగే పని వచ్చింది, కాకపోతే వరి కాదు.

ఆల్కహాల్లో నీళ్లు కలిస్తే కాచి వేరు చెయ్యొచ్చు. కానీ ఆఖరి కాసిని నీళ్లు మాత్రం ఎంత కాచినా విడవవు, ఆల్కహాల్‌తో పాటే ఆవిరై వచ్చేస్తాయి. వాటిని పట్టడానికి జియోలైట్ గుళికలు వాడతాం. చూడ్డానికి సగ్గుబియ్యంలా ఉంటాయి. ఒక్కో గుళిక నిండా కంటికి కనపడని రంధ్రాలు. నీటి అణువు వాటిలో దూరుతుంది, ఆల్కహాల్ అణువు పట్టదు. పెద్ద టవర్ నిండా ఈ గుళికలు పోసి, ఆవిరిని అందులోంచి పంపితే నీళ్లు గుళికల్లో ఉండిపోతాయి, ఆల్కహాల్ పొడిగా బయటికొస్తుంది. గుళికలు నిండిపోతే వేడిచేసి, నీళ్లు వెళ్లగొట్టి, మళ్లీ వాడుకుంటాం.

ఆ ఏడాది టవర్లో పాత గుళికలు తీసి కొత్తవి వెయ్యాలి. ఓడలోనూ లారీలోనూ కుదుపులు తిని వచ్చిన కొత్త డ్రమ్ముల్లో సగం పొడీ నూకే. అది అలాగే పోస్తే టవర్ బిగుసుకుపోయి ఆవిరి ఆడదు. జల్లించే మిషను రావడానికి నెలలు పడుతుందన్నారు. లేబర్ కాంట్రాక్టరు తిరుమలరావు, "ఎందుకు సార్ మిషను? మా గున్నమ్మ ఉన్నాది" అన్నాడు. ప్లాంటు ఇంజనీరు పృథ్వీరాజ్ గారికి అంతకంటే దారి కనపడలేదు.

ఆయన గున్నమ్మనీ, ఆవిడతో చెరగడానికి వచ్చిన ఆడవాళ్లనీ కూర్చోబెట్టి గుళికల సంగతి వివరించారు. పాలూ నీళ్లూ వేరుచేసే హంస లాంటివని కూడా అన్నారు.

గున్నమ్మ ఆలోచించింది. "హంస పాలు తాగి నీళ్లొగ్గేస్తాది గదా బాబూ. ఇదేటి, నీళ్లు తాగి పాలొగ్గేస్తంది! పిచ్చి హంస లాగున్నాది."

అంతటితో ఊరుకుందా? వడ్లను కొరికి చూసే అలవాటు కొద్దీ ఒక గుళికను నోట్లో వేసుకుంది. అది నాలుకకు అతుక్కుని చురుక్కుమంది. నిప్పుతో పాత పరిచయం ఉన్న నాలుక కనక సరిపోయింది. "బాగా ఎండినాది" అని తీర్పు చెప్పి ఉమ్మేసింది.

చెరిగేది షెడ్డులో, మర్నాడు పొద్దున్న. గింజని అలకని నేల మీద పోస్తే కళ్లం తప్పు పడుతుందని గున్నమ్మ నమ్మకం. సాయంత్రం ఎవరికీ చెప్పకుండా ఊళ్లోంచి పేడ తెచ్చి, సిమెంటు నేలంతా ఒత్తుగా అలికి, ముగ్గు కూడా పెట్టింది. వానాకాలం, పొద్దుటికి నేల ఇంకా చెమ్మగానే ఉంది. మేమెవరం రాకముందే ఆ చెమ్మ మీద ఒక డ్రమ్ము గుళికలు దిమ్మరించేసింది.

నేను వెళ్లేసరికి గున్నమ్మ నడుం మీద చేతులు వేసుకుని మురిసిపోతోంది. "సూడు సైలు పాపా! ఇప్పుడే పోసినాను. నేల ఎలాగ ఆరిపోనాదో సూడు. ఎండలోన కూడా ఇలాగ ఆరదు. మంచి గింజ!"

గుళికల్లో చెయ్యి పెట్టాను. కాలుతున్నాయి. నీళ్లు తాగేటప్పుడు అవి అలాగే వేడెక్కుతాయి. వెనకే వచ్చిన పృథ్వీరాజ్ గారు ముగ్గు చూశారు, గుళికలు చూశారు, మళ్లీ ముగ్గు చూశారు. పాపం, విజయనగరంలో ఇంజనీరింగు చదివినప్పుడు ఆయనకెవరూ దీని గురించి పాఠం చెప్పలేదు.

"గున్నమ్మా, నీళ్లు తాగకూడదనే కదా వీటిని ఇంత దూరం సీలు వేసి తెచ్చింది!"

"నీళ్లు తాగడమే దాని పనన్నారు గదా బాబూ?"

ఆయనకి కోపం వచ్చేసింది. గుప్పెడు గుళికలు నాకిచ్చి వేడిచేసి చూడమన్నారు. లేబ్ ఓవెన్లో పెట్టాను. కాసేపటికి గదంతా పిడకలు కాలిన దాలి వాసన. ఆవిరిని కాక పేడనీళ్లని ఒక్కసారిగా తాగిన గుళికలు సగం పగిలిపోయాయి. ఆ డ్రమ్ము పనికిరాదని తేలింది. మిషను వచ్చేదాకా ఆగుదాం, ఆడవాళ్లని పంపించెయ్యమని ఆయన తిరుమలరావుకి చెప్పేశారు.

గున్నమ్మ లేబ్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"సైలు పాపా, ఆ బాబుకి నువ్వొక్క మాట సెప్పు. నాను మొక్కలకి నీళ్లు పోస్తాను, తుడుస్తాను, ఏటి సెయ్యమంటే అది సేస్తాను. కానీ సేట పట్టమని నన్ను పిలిసి ఎన్నేళ్లయినాదో నీకు తెలవదు. రాత్రి మా ఊరందరికీ సెప్పుకున్నాను."

ఆ మాట నాకు గుచ్చుకుంది. వెళ్లి చెప్పాను. పృథ్వీరాజ్ గారు మంచివారే, కోపం వచ్చినంత తొందరగానే దిగిపోతుంది. కానీ షరతులు పెట్టారు. తేమ లేకుండా ఏసీ ఉన్న మూసిన గదిలో, నెత్తికి టోపీ, మూతికి గుడ్డ, చేతికి తొడుగులు వేసుకుని చెరగాలి. టవర్ నింపాక వచ్చే ఆల్కహాల్లో తేమ పరీక్ష నెగ్గితే సరే, లేకపోతే ఇంకెప్పుడూ చేట మాట ఎత్తకూడదు.

"గాలి లేని గదిలో ఎలా చెరుగుతావత్తా?" అన్నాను.

"తూర్పారబట్టడానికి గాలి గావాల. సెరగడానికి సేటే గాలి."

టోపీ పెట్టుకున్న గున్నమ్మను చూసి తక్కిన ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. ఆవిడకి నవ్వు రాలేదు. చేట ఎగిరింది, గుళికలన్నీ ఒక్కసారి లేచి ఒక్కసారి కూర్చున్నాయి, పొడి అంచు దాటి కింద గోనె మీద రాలింది. మళ్లీ ఎగిరింది. నేను నా పని మర్చిపోయి అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. అంతవరకూ ఆవిడ చెప్పినవి గొప్పలనుకున్నాను. కాదు, కొంచెం తగ్గించే చెప్పింది.

మొదటి డ్రమ్ము అయ్యాక ఎన్నయ్యాయని పృథ్వీరాజ్ గారు అడిగితే "లాబం" అంది. కొలిచేటప్పుడు ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఆయన బుర్ర గోక్కుని వెళ్లిపోయారు.

టవర్ నింపారు, వేడిచేశారు, ఆల్కహాల్ వదిలారు. శాంపిల్ నా చేతికొచ్చింది. కిటికీలోంచి చూద్దును కదా, గున్నమ్మ గొట్టం పట్టుకుని నిలబడి ఉంది. ఏ మొక్కకి పోస్తోందో ఆవిడకే తెలియదు. ఒకే క్రోటన్ మొక్క పీకలదాకా మునిగిపోయింది, చూపు మాత్రం నా మీదే. పరీక్ష తప్పితే బాగుండదని, ఎన్నడూ లేనిది ఒక శాంపిల్‌కి మనసులో మొక్కుకున్నాను.

తేమ ఉండాల్సిన దానికంటే తక్కువే వచ్చింది. రెండోసారి చేశాను, అంతే. కిటికీ తీసి "నెగ్గావత్తా!" అని అరిచాను. గొట్టం అక్కడే పడేసి వచ్చింది.

పృథ్వీరాజ్ గారు కూడా వచ్చి, "బాగా చేశావు గున్నమ్మా. మిషను ఆర్డరు ఆపించేస్తున్నాను" అన్నారు.

గున్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "అయితే మళ్లీ ఎప్పుడు రమ్మంటారు బాబూ, సేట పట్టుకుని? రేపా, వచ్చే వారమా?" అంది.

ఆయన నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. ఆ గుళికలు ఒకసారి వేస్తే ఏళ్లు పనిచేస్తాయి. ఆవిడకి ఆ సంగతి ఎవరం చెప్పలేదు.

"మళ్లీ మూడేళ్లకి, గున్నమ్మా" అన్నారు మెల్లగా.

గున్నమ్మ లాభం, రెండు, మూడు అని వేళ్లు మడిచి చూసుకుంది.

"మూడేళ్లేటి బాబూ, వస్తాయి, ఎల్తాయి" అంది చివరికి. "వరి సేను నన్ను ఇంక పిలవదు. ఇదైనా పిలుస్తానంటన్నాది."

ఆ మాట అని, నీళ్లు వృథాగా పోతున్నాయని కుళాయి కట్టడానికి వెళ్లిపోయింది.