గంగమ్మ వాపసు పంపిన కొబ్బరికాయ

ఆ రోజుల్లో అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పువ్వుల చొక్కా కొనుక్కుంటే చాలు, సగం గోవా చేరినట్టే ఉండేది. డిగ్రీ ఆఖరి సంవత్సరం, మా గుంపులో సముద్రం చూసినవాడు ఒక్కడూ లేడు. (మేం ‘కోస్తా’ అని పిలిచే మిత్రుడు ‘మాది సముద్రం పక్క ఊరు’ అని ఊరించేవాడు గానీ, వాడు పుట్టిందీ పెరిగిందీ ఖైరతాబాద్‌లోనే.) ఇంకొకడు పహిల్వాన్. ఫ్యాన్ గాలికి కూడా ఊగేంత సన్నగా ఉండేవాడు కాబట్టి ఆ పేరు. శని, ఆదివారాలు గోవాలో గడిపి సోమవారం పొద్దున్నే నాంపల్లిలో దిగాలని అనుకున్నాం. అందరి ఇళ్లలోనూ సరేనన్నారు, మా ఇంట్లో తప్ప.

మా నాయన గౌలిగూడలో స్పేర్ పార్టుల దుకాణంలో పనిచేసేవాడు. గోవా మాట వినగానే నేను అప్పటికే చెడిపోయి తిరిగొచ్చినట్టు చూశాడు. “గాడ ఏముంటదిరా, తాగుడు తప్ప?” అన్నాడు. నన్ను గట్టెక్కించింది నాయనమ్మ. ఆమెకు కంటి ఆపరేషన్ చేయించాలని ఇంట్లో ఎప్పటినుంచో పోరుతున్నారు. ఆమేమో దవాఖాన గేటు దాకా వచ్చి, భయమేసి, ఆటో దిగకుండానే వెనక్కి వచ్చేసేది. గుమ్మంలో నిలబడింది నేనో, పాలవాడో గొంతు వింటే తప్ప పోల్చుకోలేకపోయేది. ఆ నాయనమ్మ మంచం మీంచే తీర్పు చెప్పింది. “పోనియ్ రా. సముద్రమంటే గంగమ్మ తల్లి. నా పేరు మీద కొబ్బరికాయ ఇచ్చి రానీ. తల్లి తీసుకున్నదంటే ఫికర్ లేకుంట ఆపరేషన్‌కు వస్త.” దాంతో నాయన కూడా సరేనన్నాడు.

బయల్దేరే రోజు కొబ్బరికాయకు పసుపు రాసి, బొట్టు పెట్టి, తడుముకుంటూ తనే నా బ్యాగులో సర్దింది. “పలగ్గొట్టకు బిడ్డా, నిండు కాయ ఇయ్యాలె. ఇచ్చినంక ఎనుకకు తిరిగి చూడొద్దు, సీదా వచ్చెయ్” అంది. నాంపల్లి స్టేషన్ ఎదుట బస్సెక్కాం. నా పువ్వుల చొక్కాకు దారిలోనే పసుపంటింది.

సముద్రం కనిపించగానే మా అరుపులన్నీ ఆగిపోయాయి. హుస్సేన్‌సాగర్ చూసి పెరిగిన కళ్లు మరి. కోస్తా అందరికంటే వెనక నిలబడ్డాడు. నేను మోకాళ్ల లోతు దిగి, దణ్ణం పెట్టి, నాయనమ్మ పేరు చెప్పి కాయను బలంగా విసిరాను. తిరిగి చూడకుండా ఒడ్డుకు నడుస్తుంటే మడమకు ఏదో టక్కున తగిలింది. చూడకూడదాయె, కళ్లు మూసుకున్నాను. “అరే భాయ్, వాపస్ వచ్చింది!” అని పహిల్వాన్ అరిచాడు.

మళ్లీ విసిరాను, మళ్లీ వచ్చింది. “అలా కాదురా, కెరటం వెనక్కి పోయేటప్పుడు వదలాలి, మా వైపు అంతే” అంటూ కోస్తా కాయ అందుకుని లోపలికి నడిచాడు. వచ్చిన అల వాణ్ణి బోర్లా పడేసింది. గంగమ్మ వాడి నల్ల కళ్లద్దాలు ఉంచుకుని, కాయను మాత్రం పంపించేసింది. అందరూ ఇసుకలో దొర్లి నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. “ఇది పోకపోతే మా నాయనమ్మ ఆపరేషన్‌కు రాదురా” అన్నాను. అందరూ ఇసుక దులుపుకుని లేచారు.

ఇక ఆ తర్వాత మా గోవా అంతా ఆ కాయే. పడవ మాట్లాడుకున్నాం. పహిల్వాన్ దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని కూర్చున్నాడు. దూరంగా తీసుకెళ్లి వదిలి, హమ్మయ్య అనుకుని కడుపునిండా తిన్నాం. ఆదివారం బస్సుకు ముందు సముద్రానికి ఒక దణ్ణం పెడదామని వెళ్తే, ఒడ్డున నాచులో పడి ఉంది, పసుపు కడిగేసుకుని. “ఇక్కడన్నీ కొబ్బరి చెట్లేగా, వేరే కాయేమోరా” అన్నాడు కోస్తా. “చెట్టు మీంచి పడ్డ కాయకు పీచు వలిచి పిలక ఎవడు ఉంచిండ్రా?” అన్నాడు పహిల్వాన్. నిండు కాయ నీళ్లలో తేలుతుందన్న సంగతి అంతమంది డిగ్రీ విద్యార్థుల్లో ఒక్కడికీ తట్టలేదు.

‘ఇచ్చేశానని చెప్పెయ్’ అని దారంతా సలహాలిచ్చారు. ఇంటికొచ్చాక అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. కాయను నాయనమ్మ చేతుల్లో పెట్టి, “తీసుకోలేదు నాయనమ్మా, ఎన్నిసార్లు ఇచ్చినా వాపస్ పంపింది” అన్నాను. తలుపు దగ్గర నాయన తల పట్టుకున్నాడు. ఆమె కాయను తడిమింది, వాసన చూసింది, వేలు నాలుకకు రాసుకుంది.

“ఉప్పగున్నది” అంది. “పిచ్చి కొడుకా, తీసుకోకుంటే గింత ఉప్పెట్ల అంటుతది? గుళ్లె కాయ కొడితే మనకు చిప్ప వాపసియ్యరా? తల్లి తీసుకొని నాకు ప్రసాదం పంపింది.”

తనే కాయ పగలగొట్టి, మొదటి ముక్క నాయన నోట్లో పెట్టింది. మర్నాడు దవాఖానలో అందరికంటే ముందు ఆటో దిగింది కూడా ఆమే.

కట్టు విప్పాక సముద్రం చూపిద్దామని ఫోన్ తీశాను. ఒక్క ఫొటోలోనూ మా మొహాల్లేవు. అన్నిట్లోనూ వంగి కాయ వెంట పరిగెత్తే వీపులే. ఆమె సముద్రాన్ని చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి అంతకంటే ఎక్కువసేపు చూసి, “నీకు మీసాలెప్పుడొచ్చినయ్ రా?” అంది.

ఆ మీసాల్లో ఇప్పుడు తెలుపు కనిపిస్తోంది. నాయనమ్మ లేదు. ఆఫీసు వాళ్లతో ఏ సముద్రానికి వెళ్లినా, అందరూ అలలకు ఎదురుగా నిలబడితే నేనొక్కణ్ణే వీపు పెట్టి నిలబడతాను. మడమకు ఏదైనా టక్కున తగులుతుందేమోనని కాసేపు ఎదురుచూస్తాను. వెనక్కి మాత్రం తిరగను.