నెంబరక్క

మా అక్కను సరిహద్దు గేటు దగ్గర అందరూ నెంబరక్క అనేవారు. అసలు పేరు అక్కడ ఎవరికీ తెలియదు. అక్క బొంతలు కుట్టేది. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, వాటి మీదే కూర్చుని, ఈ కొస నుంచి ఆ కొసకు కుట్టు వేసుకుంటూ జరిగేది. కుట్టినవి గేటు దాటి అవతలి బజారులో అమ్ముకునేది. కూతురి కాపురం కూడా అవతలే.

మా ఆయన వ్యాన్ నడుపుతాడు. గేటుకు ఇవతలి జనాన్ని అవతలికి, అవతలి వాళ్లను ఇవతలికి చేరవేయడం ఆయన పని. అక్కకు డ్రైవరు పక్క సీటు ఖాయం.

"వదిన ఎక్కితే నాకు హారన్‌తో పనిలేదు" అని ఏడిపించేవాడు ఆయన.

"నువ్వు తోలే తోలుడుకి బ్రేకులు కూడా నేనే వెయ్యాలి మరిదీ" అనేది అక్క.

కూతురికి పాప పుట్టిందని బొంత పట్టుకెళ్లిన రోజున, తనిఖీ బల్ల దగ్గర కొత్తగా వచ్చిన ఆఫీసరు దాన్ని కత్తితో అడ్డంగా కోసేశాడు. లోపల ఏముంటుంది? మా అమ్మ చీర. అంతటితో ఊరుకోలేదు. లైనులో అందరి ముందూ జడ విప్పి దులపమన్నాడు. మా ఆయన పక్కనే ఉన్నాడు. కోసిన బొంతకు రెండో కొస పట్టుకుని మడత పెట్టించింది ఆయనే. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా ఊగిపోయాడు.

"కళ్లారా చూశానే. వాణ్ణి ఊరికే వదిలితే నేను మనిషినే కాదు."

చొక్కాకు అంటుకున్న దారపు పోగులు నేనే ఏరాను.

అక్కకు కావలసింది ఒక్కటే. తమవాడు చేసింది తప్పని ఆ ఆఫీసు ఒక మాట రాసి ఇవ్వాలి. గేటు పక్కన ఫిర్యాదుల కిటికీ ఉంది. అక్కడి గుమస్తా మంచివాడే, ఓపికగా చెప్పాడు.

"ఏ రోజు, ఏ బల్ల, ఎన్నింటికి, ఏమన్నాడు, అన్నీ రాయండమ్మా. చొక్కా మీద నెంబరుంటుంది, అది ముఖ్యం. పక్కనుండి చూసినవాళ్లుంటే వాళ్ల వివరం కూడా."

అక్క నెంబరు చూసుకోలేదు. నలుగురిలో జుట్టు విప్పుకుని నిలబడ్డ ఆడది ఎదుటివాడి చొక్కా చూస్తుందా?

"నెంబరు లేకపోతేనేం, కెమెరా ఉంది, నేనున్నాను" అన్నాడు మా ఆయన. "కాకపోతే కాస్త ఆగు వదినా. నా బండి పాసు కొత్తది ఈ ఆఫీసు నుంచే రావాలి. అది చేతికి రాగానే ఇద్దరం వెళ్లి ఇద్దాం."

ఇంటి మనిషి మాట కదా అని అక్క ఆగింది. చూపించాల్సి వస్తుందని చిరుగు కూడా కుట్టలేదు.

పాసు వచ్చింది. ఫిర్యాదు ఇచ్చేసరికి కెమెరాలో ఆ రోజుది చెరిగిపోయింది. అన్నాళ్లు ఉంచరట. ఇక మిగిలింది మా ఆయన మాటే. విచారణకు పిలిచారు. అక్కా నేనూ బయట బెంచీ మీద కూర్చున్నాం. తలుపు ఓరగా వేసి ఉంది.

"నేను వ్యాన్‌లో ఉన్నానండి. ఏమీ చూడలేదు."

రోజూ నన్ను మంచినీళ్లు అడిగే గొంతే అది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆయన బయటికి రాగానే అక్క లేచింది. "ఏం మరిదీ, ఆ రోజు రెండో కొస పట్టుకున్నదెవరు?"

"పిల్లలున్నవాణ్ణి వదినా. రోజూ ఆ గేటు దాటాలి."

"నేనూ దాటాల్సినదాన్నే."

ఆధారాలు లేవని జవాబు వచ్చింది. ఆ తర్వాత అక్క ఆయన వ్యాన్ ఎక్కలేదు. బస్సులో వెళ్లేది. బల్ల మీద మూట పెట్టి, విప్పకముందే గేటంతా వినపడేలా అడిగేది. "బాబూ, మీ నెంబరు చెప్పండి."

మొదట్లో ఆఫీసర్లు నవ్వారు. "ఏమ్మా, లాటరీ కొంటావా?"

"తగిలితే సగం నీకే ఇస్తాలే, చెప్పు."

మెల్లగా వెనకవాళ్లు కూడా అడగడం నేర్చారు. ఆఫీసర్లు మూటలు చేతులతోనే విప్పేవారు, కత్తి బయటికి వచ్చేది కాదు. ఆ గేటు దగ్గర నెంబరక్క అన్న పేరు అలా వచ్చింది. మా ఇంటికి మాత్రం వ్యాన్ కదిలాకే వచ్చేది, అది తిరిగొచ్చే వేళకు లేచి వెళ్లిపోయేది.

మొన్న చలికాలంలో ఊపిరితిత్తులకు నెమ్ము చేసి అక్క పోయింది. చిరుగుతోనే ఆ బొంత నా దగ్గరికి వచ్చింది. అమ్మ కుట్టింది నాకు కావాలి పిన్నీ అని కూతురు కబురు పెట్టింది.

"వ్యాన్‌లో పడెయ్, నేను ఇచ్చేస్తాలే" అన్నాడు మా ఆయన.

"వద్దు" అన్నాను. కాపురానికి వచ్చాక ఆయనతో ఆ మాట అనడం అదే మొదలు.

బస్సెక్కి వెళ్లాను. బల్ల మీద బొంత పెట్టాను. "మీ నెంబరు చెప్పండి బాబూ" అన్నాను. నా మాట నాకే వినపడలేదు.

"గట్టిగా అడగమ్మా" అంది వెనకావిడ. "నెంబరక్క అడిగితే గేటు అదిరేది."

గట్టిగా అడిగాను. ఆఫీసరు చెప్పాడు. పక్కన బళ్ల వరసలో మా వ్యాన్ ఆగి ఉంది. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఆయన నావైపే చూస్తున్నాడు. నేను చూడగానే మొహం తిప్పుకున్నాడు.

ఈసారి కూడా ఆయన ఏమీ చూడలేదు.