మైనంలో పడిన ముఖం

శాలిబండలో నా కొట్టు మంచమంత ఉంటుంది. ముద్ర ఉంగరాల రాళ్ల మీద పేర్లు చెక్కుతాను. అక్షరాలు తిరగేసి చెక్కాలి. బడిలో తిరగేసి రాసినందుకే దెబ్బలు తిని ఆరో తరగతిలో మానేసిన నాకు అంతకన్నా ఏం కావాలి?

ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి అమ్మే సేటు ఒక పాత లాకెట్ తెచ్చాడు. రెండు పొరల రాయి. అడుగున గోధుమరంగు, పైన తెలుపు. ఆ తెల్లపొరలో ఒక ఆడమనిషి ముఖం ఉబ్బెత్తుగా చెక్కి ఉంది. కిందటేడు పోయిన ఆయన భార్య పెళ్లినాటి నుంచీ వేసుకున్నదట. ఏమీ తోచనప్పుడల్లా బొటనవేలితో ఆ ముక్కు రుద్దేదట. అది అరిగి చదునైపోయింది.

“ముక్కు చెక్కు భాయ్. మా ఆమె ముక్కు లెక్క.”

“సేట్, తెలుపు గోరంత మందం గూడ లేదు. ముక్కు లేపాలంటే చుట్టూత చెంపలు దించాలె. జర తప్పితే ఆమె మొఖం మీద మిర్చిబజ్జీ రంగు మచ్చ!”

ఆయన నవ్వలేదు. “గిట్లుంటే గీ మొఖం నన్ను జూస్తలేదు.”

లోతుకు చెక్కిన ముద్ర మైనంలో నొక్కితేనే సరిగ్గా తేలుతుంది. అందుకే మాకు ఏ రాయి చేతికొచ్చినా ముందు నొక్కడమే. ఉబ్బెత్తు రాయికి ఆ అవసరం లేదు. అయినా నొక్కేశాను. మైనంలో ముఖం గుంటగా పడింది. నా తెలివికి నేనే నవ్వుకుని దాన్ని బల్ల మీద పెట్టాను.

నూనె సీసా కోసం పక్కకు జరిగితే, గుంటలోని ముఖం ఉబ్బెత్తుగా పైకి లేచినట్టు కనిపించి, నా వెంటే తల తిప్పింది. ఇటు వస్తే ఇటు. వెలుతురు పక్కనుంచి పడితే కళ్లు అలా మోసపోతాయని నాకు తెలుసు. తెలిసినా మళ్లీ అటూ ఇటూ జరిగి చూశాను.

“ఏంది?” అని సేటు లేచాడు. ఎడమకు జరిగాడు. కుడికి జరిగాడు.

“నా దిక్కే జూస్తున్నది,” అన్నాడు మెల్లగా. “నేను చెప్పులేసుకుంటుంటే గిట్లనే జూసేది. ఎప్పుడొస్తవని మాత్రం అడగకపోయేది.”

“మరి ముక్కు, సేట్?”

“వద్దు. ఆమె వేలు అరగదీసింది. దాని మీద నీ చెక్కుడు చక్రం పెట్టకు.”

లాకెట్ జేబులో వేసుకుని, మైనాన్ని అరచేతిలో పట్టుకున్నాడు.

“ఎండకు కరుగుతది సేట్. ఈడ వుంచు, గట్టిదాంట్ల చేసిస్త.”

“ఆమె నీ దిక్కు జూస్కుంట ఈడ ఉండాల్నా?”

“అయితే ఫ్రిజ్‌ల పెట్టు.”

ఇప్పుడు నడి ఎండాకాలం. కరెంటు పోతే పక్క కొట్టువాళ్లు కూలర్ ఆగిందని లొల్లి చేస్తారు. నాకు మాత్రం ఉస్మాన్‌గంజ్‌లో పాలప్యాకెట్ల పక్కన, చీకట్లో, కొద్దికొద్దిగా మెత్తబడుతున్న ఆమె కనిపిస్తుంది.