చూడ్డానికి మాత్రమే ఇచ్చిన అంకె

పోయినవి ముందు చెబుతాను. నలభై ఒక్కమంది రక్తపరీక్షల్లో పాయింట్ తర్వాతి అంకె. ఒకావిడకు మూడు నెలల వైద్యం. నా పక్క సీటాయన ఉద్యోగం. నేను రాసిన ప్రోగ్రాం మీద నాకున్న నమ్మకం.

నేను చదివింది కామర్స్. జావా మాత్రం అమీర్‌పేటలో జిరాక్సు నోట్సు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాను. పంజాగుట్టలో మా చిన్న కంపెనీ ఒక ల్యాబుకు సాఫ్ట్‌వేర్ చేసింది. ఫలితాలు దాచే భాగం నాది, వాటిని కాగితం మీద అచ్చువేసే భాగం ఆ పక్క సీటతనిది. అతనికి నేనిచ్చింది చూడ్డానికి మాత్రమే పనికొచ్చే రూపం. దాని వెనక ఉన్నది మాత్రం అసలు ఫలితమే. నకలు తీసి ఇస్తే మెమరీ దండగని లెక్కవేసింది నేనే.

మొదట అతను డౌన్‌కాస్ట్ చేశాడు. అంటే ఆ రూపాన్ని తిరిగి అసలు రకంగా మార్చుకుని, అంకెను రౌండ్ చేశాడు. పట్టుకున్నాను.

"ఏంటిది?"

"అన్నా, పాయింటు పక్క గడిలకు పోతున్నది. మేనేజర్ తిడుతుండు. జర సర్దిన, గంతే."

దిద్దే దారి తీసేసి, నా భాగం తప్ప ఇంకేదీ ముట్టుకోకుండా అంకెను ప్రైవేట్ చేశాను. "ఇప్పుడు సర్దు, చూద్దాం."

"తాళం మస్తుగ ఏసినవన్నా" అని నవ్వాడు.

వారం తిరక్కుండా, నాకు తెలియకుండా రిఫ్లెక్షన్‌తో తెరిచాడు. నడుస్తున్న ప్రోగ్రాం లోపలి పేర్లు వెతికి, ప్రైవేట్ అన్నదాన్ని కూడా ముట్టుకోనిచ్చే సౌకర్యం అది. నా నోట్సులో అది చివరి పేజీల్లో ఉంది. అక్కడిదాకా నేను చదవలేదు. అచ్చు కోసం రౌండ్ చేసిన అంకే నా భాగంలోనూ నిలిచిపోయింది.

మూడు నెలలకు, నేను ల్యాబులో ఉండగా ఒకాయన తన భార్య రిపోర్టులు పట్టుకొచ్చాడు.

"భాయ్, మా ఆమె కాళ్ల వాపు పెరుగుతనే ఉన్నది. మీ కాగితంల మూడుసార్లు గదే నంబర్. మిషిన్ నడుస్తున్నదా, పండుకున్నదా?"

మిషన్ చీటీలు తీయించాను. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.1, 1.3, 1.4. మా కాగితంలో 1, 1, 1. ఆమె కిడ్నీలు చెడుతున్న సంగతంతా మేం పారేసిన ఆ ఒక్క అంకెలో ఉంది. డాక్టరు నమ్మింది మా కాగితాన్ని.

అతన్ని ఆ సాయంత్రమే పంపేశారు. కోడ్ తెలిసినవాణ్ణని నన్ను ఉంచారు. నకలు ఇవ్వనిది ఎవరని ఎవరూ అడగలేదు, నేనని నేనూ చెప్పలేదు.

చీటీలన్నీ పోల్చి, ఎక్కువ ఉన్న ఫలితం మామూలుగా మారినవాళ్లను ఏరాను, నలభై ఒక్కమంది తేలారు. ఫోన్లు చేశాను, ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల మెట్లెక్కాను. ముప్పై ఎనిమిది మంది దొరికారు. మిగిలినవాళ్లు గదులు ఖాళీ చేసి, నంబర్లు మార్చుకుని వెళ్లిపోయారు. ఆ ముగ్గురికీ వాళ్ల అసలు అంకె నేనింకా చెప్పాల్సే ఉంది: 1.4, 1.3, 1.4.