లక్ష్మీపతి ల్యూట్‌కి వాస్తు

అమెరికాలోని అరోరా వాస్తవ్యుడు లక్ష్మీపతి పగలు ఆఫీసులో ఇతరుల సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టుకుంటాడు. సాయంత్రాలు గరాజ్‌లో కూర్చుని సొంత తప్పులు చేసుకుంటాడు.

ఏడాదిగా అతను చేస్తున్నది ల్యూట్. బొప్పాయిని నిలువునా కోసి మెడ తగిలించినట్టుండే పాత యూరప్ తంతివాద్యం. కొలతలు నెట్‌లో దొరుకుతాయి. దొరికేవి వాడితే అతను లక్ష్మీపతి ఎందుకవుతాడు? ఆనాటి పనివాళ్లు పొట్ట వెడల్పు ఒక్కటి ఖాయం చేసుకుని, మిగతాదంతా కంపాస్‌తో దాని భాగాలుగానే తేల్చేవారని ఎక్కడో చదివాడు. అప్పటినుంచి గరాజ్‌లో స్కేలు నిషిద్ధం. ఏ చాపం ఎక్కడ ఆగాలో, ఏది ఎక్కడ మొదలవాలో తెలియక, కాగితం మీద పొట్టకు రోజుకో చోట బొడిపె లేచేది. చెక్క ఇంకా చెక్కగానే ఉండేది.

భార్య ఉమ కారు బయట మంచులో ఉండేది. పొద్దున్నే దాని అద్దం మీది మంచు గీక్కోలేక, క్రిస్మస్‌లోగా గరాజ్ ఖాళీ కాకపోతే ఆ చెక్కలన్నీ డొనేషన్‌కి పోతాయని ఆవిడ తేల్చి చెప్పింది.

ఆ దశలో పక్కవీధి రాధారాణిగారు చేగోడీల డబ్బా తిరిగివ్వడానికి వచ్చారు. వాస్తులో దిట్ట. ఆవిడ మాటమీద ఆ సబ్‌డివిజన్ ఇళ్లలో సగం ఫ్రిజ్‌లు దిక్కు మార్చుకున్నాయి. గరాజ్ గోడకు అంటించిన ల్యూట్ పటం చూసి ఆగిపోయారు. పొడుగాటి మెడ డ్రైవ్‌వే అనీ, పొట్ట హాలనీ, నడుమ గుండ్రటి కంత స్విమ్మింగ్ పూల్ అనీ క్షణంలో ఆవిడకు బోధపడింది.

"ఏమ్మా, ఇల్లు కట్టిస్తున్నారని చెప్పనేలేదు. నట్టింట్లో నీళ్లేంటి? పూల్ ఈశాన్యానికి జరిపించు" అన్నారు ఉమతో.

ఉమ కొత్త ఇల్లు కావాలని ఎన్నాళ్లుగానో అడుగుతోంది. గుట్టుగా ఇంటి ప్లాన్ గీస్తున్నాడనుకుని, సర్‌ప్రైజ్ పాడుచేయకూడదని మొగుణ్ణి ఏమీ కదపలేదు. తెలిసినవాళ్లందరికీ మాత్రం ఫోన్లు చేసింది. గరాజ్‌కి వేడివేడి పెసరట్లు రావడం మొదలైంది. కళకు ఇన్నాళ్లకు గౌరవం దక్కిందని లక్ష్మీపతి కళ్లు చెమర్చాయి. పెసరట్ల బలంతో బుర్ర పనిచేసి, రెండు చాపాలు నునుపుగా కలవాలంటే వాటి కేంద్రాలూ, అవి కలిసే బిందువూ ఒకే గీతమీద ఉండాలని తట్టింది. బొడిపె పోయింది. సంతోషం పట్టలేక ఉమను పిలిచి చూపించాడు.

"కిచెన్ ఎక్కడండీ?"

"కిచెన్ ఏంటి?"

"పోనీ, పూల్ ఈశాన్యానికి జరపొచ్చా?"

"అది పూల్ కాదు ఉమా, శబ్దం వచ్చే కంత. ఇది ల్యూట్."

ఉమ గరాజ్ మెట్టుమీద కూలబడింది. చెక్కలకు నూకలు చెల్లాయని లక్ష్మీపతి నిశ్చయించుకుని, కంపాస్ ఒక్కటీ జేబులో దాచుకున్నాడు. ఆవిడ ఆలోచన మాత్రం వేరే దారిన పోయింది.

"డాలస్‌లో మా అక్కతో సహా అందరికీ చెప్పేశాను, కడుతున్నామని. ఇప్పుడు ఏదో ఒకటి కట్టి చూపించాల్సిందే. నా కార్ ఇవాళే లోపలికి రావాలి. మీరు డైనింగ్ రూమ్‌లో చేసుకోండి. అక్కడ మనం ఎప్పుడు తిన్నాం గనక."

అలా ల్యూట్ గృహప్రవేశం జరిగింది. కొన్ననాటి ప్లాస్టిక్ కవర్ కూడా విప్పని డైనింగ్ టేబుల్‌మీద లక్ష్మీపతి కాగితం పరిచి, కంపాస్ సూది భక్తిగా నొక్కాడు. టేబుల్‌కి తొలి చిల్లు పడింది. కేంద్రమన్నది ఎక్కడో ఒకచోట ఉండాలి కదా అని అతని వాదన. ఉమ ఇంకా వినలేదు.