నాలుగు వైపులా కుట్టిన దావా

పాతబస్తీలో ఒక సివిల్ కోర్టు వెనక సందులో మూడడుగుల అరుగు మీద కూర్చునే సీతారాం ‘సాబ్’ అనే మాటను తిట్టులా వాడతాడు. నల్లకోటు కనబడితే చాలు, "ఏం సాబ్, ఇయాల ఎవని కొంప ముంచుడు?" అని పలకరిస్తాడు. వాళ్లు నవ్వేసి కాగితాలు చేతికిస్తారు. నవ్వక ఏం చేస్తారు? దావా కాగితాలను పుస్తకంలా కుట్టి ఇస్తేనే కోర్టు తీసుకుంటుంది. కుట్టడం వాళ్లకు రాదు. ఏళ్ల తరబడి న్యాయశాస్త్రం చదివిన చేతులకు సూదిలో దారం ఎక్కించడం చేతకాదని సీతారాముకు ముప్ఫై ఎనిమిదేళ్లుగా తెలుసు. ఆ తెలివిడి మీదే అతని సంసారం నడుస్తోంది.

అతని తండ్రి ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిరప బస్తాల మూతులు కుట్టేవాడు. సీతారాం కూడా పాతికేళ్లు నిండేదాకా అదే పని చేశాడు. బస్తా పట్టుకోగానే తుమ్ము వచ్చేది. తుమ్ముని బట్టి తండ్రి సరుకు ధర చెప్పేవాడు. రోజుకు రెండు వందల తుమ్ములు తుమ్మలేక, సీతారాం తండ్రి బస్తాలు కుట్టిన దబ్బనంతోనే కోర్టు సందుకు వచ్చి కూర్చున్నాడు. పని మారలేదు, సరుకు మారింది. అతనికి ఉన్న చింతల్లా ఒకటే: "మిర్చి బస్తాల నిజంగ మిర్చి ఉంటుండె."

అతని కుట్టు గట్టిదనం గురించి సందులో ఒక కథ చెప్పుకుంటారు. ఒకసారి ఎవరో వకీలు స్కూటరు మీద పోతూ అతను కుట్టిన కట్టను మూసీలో జారవిడిచాడు. మూడో రోజు అది చాదర్‌ఘాట్ దగ్గర తేలింది. కాగితాలన్నీ కరిగిపోయి కుట్టు మాత్రం మిగిలింది. ఆ వకీలు దారం ముక్కనే ఆరబెట్టి కోర్టులో వేస్తే, వాళ్లు దానికీ వాయిదా ఇచ్చారు. ఇది అబద్ధమని సందులో ఇంతవరకు ఎవరూ అనలేదు.

అరుగు సీతారాముది కాదు, వెనకనున్న మేడవాళ్లది. ఆ మేడ పెద్దాయన పన్నెండేళ్లపాటు ఒక దావా నడిపాడు. కట్టలన్నీ సీతారామే కుట్టాడు. పెద్దాయన దావా ఓడిపోయాడు గానీ ఒక్క కుట్టూ ఊడలేదు. ఆ సంతోషంలో, "సీతారాం బతికున్నన్నాళ్లు ఈ అరుగు మీద కూర్చుని పని చేసుకోవచ్చు, నా వాళ్లెవరూ అడ్డు రారాదు" అని ఒక కాగితం రాసి సంతకం చేసి ఇచ్చాడు. పెద్దాయన పోయాడు. మేడ మనవడు మనీష్ చేతికొచ్చింది. మనీష్‌కు అరుగును మూసేసి ఫోన్ కవర్ల దుకాణం పెట్టాలని బుద్ధి పుట్టింది. ఒక పొద్దున ఆరు వందల ఇటుకలు దింపించి, "అన్నా, గోడ లేపుతున్న. ఎటన్న చూస్కో" అన్నాడు.

పక్క మెట్ల మీద కంప్యూటరు పెట్టుకుని దావాలు టైపు చేసే షఫీఉద్దీన్ సలహా ఇచ్చాడు. "దావా వెయ్ సీతారాం భాయ్. కాయిదం నీ దగ్గరుంది. మంచి వకీల్ సాబ్‌ను పట్టు."

"ముప్ఫై ఎనిమిదేండ్ల సంది ఆళ్ల కాయిదాలు కుడుతున్న. ఆళ్లను పెట్టుకునేటంత మతి ఇంకా పోలే," అన్నాడు సీతారాం. "నా దావా నేనే వేస్త. నువ్వు టైపు కొట్టు."

ఐదు పేరాల దావా. పెద్దాయన కాగితం సంగతి మూడో పేరాలో ఉంది. సీతారాం తన జన్మలో కుట్టిన కట్టలన్నిటికంటే ముద్దుగా దాన్ని కుట్టి, దావాలు తీసుకునే గుమాస్తా వెంకటనారాయణకు ఇచ్చాడు.

వెంకటనారాయణ దావాలు చదవడు, దావాల అంచులు చదువుతాడు. కాన్వెంటు సిస్టర్లు పిల్లల గోళ్లు చూసినట్టు స్కేలు తీసి మార్జిన్ కొలుస్తాడు. ఏడు రోజుల్లో సరిచేసి ఇవ్వమని రాసి వాపసు చేస్తాడు. మొదటిసారి మార్జిన్ వేలెడు తక్కువైందని వాపసు వచ్చింది. రెండోసారి వాది తండ్రి వయసు రాయలేదని వచ్చింది. తండ్రి చనిపోయి ముప్ఫై ఏళ్లయిందని సీతారాం రాసిస్తే, చనిపోయిన తండ్రి ప్రస్తుత వృత్తి ఏమిటని మూడోసారి వచ్చింది. నాలుగోసారి పై అట్ట మీద కోర్టు పేరు నడిమధ్యలో లేదు. ఐదోసారి నడిమధ్యలో ఉంది గానీ కింద గీత లేదు. తర్వాత మూడుసార్లు ఎందుకొచ్చిందో తెలియలేదు; వెంకటనారాయణ చేతిరాత వెంకటనారాయణకే అర్థం కాలేదు.

అక్కడ సందులో గోడ లేస్తోంది. కోర్టు దావాను తీసుకుని నంబరు వేస్తే గోడ పని ఆగిపోతుందని మనీష్ భయపడి మేస్త్రీని తొందరపెట్టాడు గానీ, ఆ మేస్త్రీ వారానికొక పూట వచ్చి ఒక్క వరుస పేర్చి పోయే రకం. వాపసు వచ్చిన ప్రతి వారం అరుగు అంచున ఒక వరుస పెరిగింది. తొమ్మిదో వారానికి, కూర్చున్న సీతారాం తల ఒక్కటే గోడ మీద కుండ పెట్టినట్టు కనబడసాగింది. ఇంకో మూడు వరుసలు లేస్తే అతను బతికుండగానే సమాధి.

ఆ వారం దావా తొమ్మిదోసారి వాపసు వచ్చింది. దాని మీద మూడే మాటలు: "కుట్టు సరిగా లేదు."

సీతారాం గోడ దూకి ఆఫీసుకు పోయాడు.

"ఏంది పంతులూ ఇది? కుట్టు సరిగ లేదా?"

వెంకటనారాయణ తల ఎత్తలేదు. "ఒక దిక్కు వదులుగున్నది. కాయిదాలు కదులుతున్నయ్."

"ఈ కోర్టుల ఉన్న కట్టలన్ని నేను కుట్టినయే. నీ టేబుల్ మీదున్నయి నావే. నీ కుర్చీ దిండు చినిగితే కుట్టింది గూడ నేనే!"

"అవ్ మరి. దిండు కదుల్తలేదు. దావా కదులుతున్నది. సరిగ కుట్టి తే."

మార్జిన్ అన్నా, చచ్చిన తండ్రి వృత్తి అన్నా సీతారాం ఓర్చుకున్నాడు. కుట్టును అంటే ఓర్చుకోలేదు. అరుగు మీదికెక్కి, షఫీఉద్దీన్‌తో ఇంకో పేరా చేర్పించాడు. అది టైపు చేస్తూ షఫీఉద్దీన్ చెమటలు తుడుచుకున్నాడు.

"ఈ ఆరో పేరా తీసెయ్ భాయ్. జడ్జి సాబ్ చూస్తే లోపటేస్తడు. అరుగూ పోతది, నువ్వూ పోతవ్."

"చదివితె గద ఏసేది."

తర్వాత తండ్రి దబ్బనం తీశాడు. మేడ పెద్దాయన కాగితం నకలుతో సహా దావాను పేర్చి, ఎడమవైపు కుట్టాడు, కుడివైపు కుట్టాడు, పైనా కిందా కుట్టాడు. మిరప బస్తా మూతికి వేసే ముడి నాలుగు మూలలా వేశాడు. మనీష్‌కు పంపాల్సిన ప్రతినీ అట్లాగే కుట్టాడు. పై అట్టను మాత్రం బయట అంటించాడు. కట్ట దిండులా తయారైంది. కత్తి లేకుండా దాన్ని తెరవడం బ్రహ్మతరం కాదు.

వెంకటనారాయణ దాన్ని పట్టుకుని వంచి చూశాడు. కదల్లేదు. బల్ల మీద కొట్టి చూశాడు. బల్ల కదిలింది. "గిట్ల ఉండాలె," అని మెచ్చుకుని, ‘పరిశీలించడమైనది’ అని ముద్ర కొట్టి నంబరు వేశాడు. తొమ్మిది వారాలు పడని నంబరు తొమ్మిది నిమిషాల్లో పడింది. అప్పుడున్న జడ్జి పై అట్ట చూసి, ‘రికార్డు చదివితిమి’ అని రాసి, గోడ ఉన్నదున్నట్టు ఉండాలని ఉత్తర్వు ఇచ్చాడు. గోడ తొమ్మిది వరుసల దగ్గర ఆగిపోయింది. సీతారాం రోజూ గోడ దూకి పనికి పోయి, గోడ దూకి ఇంటికి పోయేవాడు. అరవై దాటినవాడు అట్లా దూకుతుంటే కోర్టు కోతులు కూడా ఆగి చూసేవి.

మనీష్ తరఫు వకీలు శ్రవణ్‌కుమార్ జవాబు తయారు చేశాడు. "దావాలో ఒకటో పేరా నుంచి పద్నాలుగో పేరా వరకు చెప్పినవన్నీ అబద్ధాలు, నిరాధారాలు. వాది నిరూపించుకోవాలి." ఆ జవాబును కూడా కుట్టడానికి సీతారాం దగ్గరికే తెచ్చాడు. సీతారాం దాన్ని చదివి, ఒక్క వైపే కుట్టి ఇచ్చాడు.

ఏడాది గడిచింది. జడ్జి బదిలీ అయ్యాడు. హరిచందన అనే కొత్త జడ్జి వచ్చింది. ఆమెకు ఒక చెడ్డ అలవాటు ఉందని సందులో పుకారు పుట్టింది: కాగితాలు చదువుతుందట. వకీళ్లు బెంగపెట్టుకున్నారు. సీతారాముకు మాత్రం మొదటిసారి నిద్ర పట్టలేదు. దావా చదివితేనే ముప్ఫై ఎనిమిదేళ్ల అరుగు దక్కుతుంది, చదివితే ఆరో పేరా తనను లోపలేయిస్తుంది.

వాయిదా రోజు హరిచందన కట్టను చేతికి తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఇది ఎట్లా తెరవాలి?"

వకీళ్లు తలలు వంచి తమ కాగితాలు సర్దుకున్నారు.

"ఏడాది నుంచి ఇది నడుస్తోంది. మీద ‘పరిశీలించడమైనది’ అని ఉంది, ‘చదివితిమి’ అని ఉంది. ఎట్లా చదివారు? దీపం ముందు పెట్టి చూశారా?" ఆమె సీతారాం వైపు తిరిగింది. "పుస్తకంలా కుట్టాలని రూలు. మీరు దిండులా కుట్టారే?"

"కుట్టు సరిగ లేదన్నరు మేడం. సరిగ కుట్టిన."

"ఎవరన్నారు?"

వెంకటనారాయణ బీరువా వెనక్కి జరిగాడు. ఆ బీరువా సన్నది, ఆయన సన్నం కాదు.

కత్తెర వచ్చింది. మిరప బస్తా ముడులు తెగడానికి బంట్రోతుకు పావుగంట పట్టింది. హరిచందన మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. పేజీ తిరిగిన చప్పుడు ఆ హాలులో కొత్తగా వినిపించింది. ఆరో పేరా దగ్గర ఆగింది. రోజూ గోడ దూకే సీతారాం బోను కటకటాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

"శ్రవణ్‌కుమార్ గారూ, మీ క్లయింటుకు పంపిన ప్రతి తెచ్చారా?"

తెచ్చాడు. నాలుగు వైపులా కుట్టు చెక్కుచెదరకుండా ఉంది.

"మీరు పద్నాలుగు పేరాలు అబద్ధమన్నారు. దావాలో ఆరే ఉన్నాయి. మిగతా ఎనిమిది ఎక్కడివి?"

"అది… ఫార్మాట్ మేడం. ఎప్పుడూ గట్లనే ఇస్తం."

"ఆరో పేరా కూడా అబద్ధమేనా?"

"పూర్తిగా అబద్ధం మేడం. నిరాధారం."

ఆమె చదివి వినిపించింది. "ఈ పేరా దాకా చదివినవారికి అరుగు దగ్గర నా తరఫున ఇరానీ చాయ్ ఇప్పించబడును. ఈ దావాను తొమ్మిదిసార్లు వాపసు చేసినవారు చాయ్‌కి అర్హులు కారు."

బంట్రోతు ముందుగా నవ్వాడు. జడ్జి నవ్వలేదు. ఆమె నవ్వితే సీతారాం బతికాననుకునేవాడు. ఆమె కలం మూత తీసింది, అంతే.

తీర్పు పదిహేను రోజులకు వచ్చింది. పేజీన్నర. మూడో పేరాలోని కాగితాన్ని ప్రతివాది విడిగా కాదనలేదు. చదవకుండా అన్నిటినీ గంపగుత్తగా కాదంటే అది ఒప్పుకున్నట్టే. కాబట్టి వాది బతికున్నన్నాళ్లు అరుగు అతనికే ఉండాలి, గోడ ప్రతివాదే తీసేయాలి. ఆరో పేరా దావాకు సంబంధం లేనిది, కొట్టివేయడమైనది. వాది ఇకపై ఒక్క వైపే కుట్టవలెను. చాయ్ తాగడానికి హరిచందన రాలేదు. ఆ కోర్టులో సీతారాం ‘సాబ్’ అని కాకుండా నిజంగా గౌరవంగా తలచుకునేది ఆమె ఒక్కదాన్నే.

గోడ తీయడానికి మనీష్ అదే మేస్త్రీని పెట్టాడు. అతను వారానికొక వరుస చొప్పున తీస్తున్నాడు.

రెండో వరుస తీసిన వారం, గోడ ముందు నల్లకోట్లు వరస కట్టాయి. అందరికంటే ముందు శ్రవణ్‌కుమార్. ఒక లావుపాటి కట్టను గోడ మీద పెట్టాడు.

"అన్నా, ఇది మస్తు పెద్ద దావా. నాలుగు దిక్కుల కుట్టు."

"గదెందుకు సాబ్? ఒక్క దిక్కే కుట్టాలని మేడం రాసింది గద."

"తీర్పుల ఏం రాసిండ్రో నేను చూడలే. నాలుగు దిక్కుల కుడితే గెలుస్తమని అందరంటున్నరు."

సీతారాం గోడ మీంచి తల చాచాడు. "లోపట ఏమున్నది సాబ్?"

"నాకేం తెల్సు? జూనియర్ రాసిండు."

సీతారాం కట్టను రెండు చేతులతో ఎత్తాడు. ఉస్మాన్‌గంజ్‌లో తండ్రి బస్తాను పట్టినట్టు పట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. వెనకున్నవాళ్లంతా మెడలు చాచి చూశారు. అతను కట్టను తిరిగి గోడ మీద పెట్టాడు.

"తుమ్ము రాలే సాబ్. లోపట ఏం లేదు."