గున్‌వర్ చేతికి రాని కర్ర

దక్షిణ స్వీడన్‌లోని ఆ ట్రాముల మ్యూజియం మే నెలలో తలుపులు తెరుస్తుంది. ముందురోజు డ్రైవర్లకు పరీక్ష. డెబ్బై నాలుగేళ్ళ గున్‌వర్ నీలం కోటు గుండీలు పెట్టుకుంటూ పదిహేడో నంబరు ట్రామెక్కింది. పరీక్ష తప్పితే ఈ ఏడాది నుంచి కాఫీ బల్ల వెనక నిలబడి రొట్టెలు అమ్మాల్సిందే.

ఊళ్ళో ట్రాములు ఆపేసిన రోజు ఆఖరి బండిని నడిపింది ఆమే. తుక్కు కావలసిన పదిహేడును ఈ షెడ్డుకు చేర్చి, పదకొండు చలికాలాలు తుప్పు గోకి, వెన్నలాంటి పసుపు రంగు వేసినవాళ్ళలోనూ ఆమె ఉంది.

పరీక్ష పెట్టేది తూరె. ఆమె దగ్గర బ్రేకు పట్టడం నేర్చుకున్నవాడే.

"ఏం అక్కా, కళ్ళద్దాలు మార్చావట?"

"మార్చాను. నీ బట్టతల ఇప్పుడు ఇంకా బాగా కనిపిస్తోంది."

బండి నిండా సభ్యుల కుటుంబాలు. అందరూ నవ్వారు. చక్రాలు జారకుండా తడి పట్టాల మీద ఇసుక వదులుతూ, తూరె ఆపమన్న చోటల్లా ఆపింది గున్‌వర్. బర్చ్ చెట్ల లేతాకుల్లోంచి వెలుతురు ఆమె చేతుల మీద పారింది.

సరస్సు వైపు మలుపులో ఒంటి పట్టా మొదలవుతుంది. దానికి ఒక్కటే ఎర్ర కర్ర, జానెడు పొడవు; మలుపు దగ్గర స్తంభానికున్న కొక్కేనికి వేలాడుతుంది. అది చేతిలో ఉన్న డ్రైవరే ఆ పట్టా ఎక్కాలి. అప్పుడు రెండు బండ్లు ఎదురుపడవు. ఇవాళ కొక్కేనికి కర్ర లేదు.

"పోనివ్వక్కా. రెండో బండి షెడ్డులోనే ఉంది, నేనే చూశాను."

"కర్ర?"

"ఎవరో ఎక్కడో పెట్టుంటారు. ఆలస్యమైతే అదీ రాయాల్సొస్తుంది."

"రాసుకో." బండిని నడిపే పిడి ఊడదీసి ఒళ్ళో పెట్టుకుంది.

"కాఫీ తాగి రావచ్చా?" వెనక నుంచి ఒక పెద్దాయన అడిగాడు.

"తాగి రండి. నాకూ ఒకటి పట్రండి."

తూరె విసురుగా సీట్లో కూలబడి, అంతలోనే కెవ్వుమని లేచాడు. పక్కటెముకల్లో ఏదో గుచ్చుకుంది. వానకోటు లోపలి జేబులోంచి ఎర్ర కర్ర బయటికొచ్చింది. పొద్దున పట్టా చూడటానికి నడిచి వెళ్ళినప్పుడు తనే తీసుకున్నాడు. మళ్ళీ కొక్కేనికి పెట్టలేదు.

"ఇది... పరీక్షలో భాగమే," అన్నాడు నసుగుతూ.

"అలాగా? మరి చెవులెందుకు నాయనా అంత ఎర్రబడ్డాయి?"

బండి బండంతా నవ్వుతో ఊగింది. తూరె కూడా నవ్వేసి, కర్రను రెండు చేతులతో ఆమెకందించాడు. తర్వాత మోకాలి మీద కాగితం పెట్టుకుని, సంతకం పైన ఒక్క ముక్క రాశాడు: "కర్ర లేనిదే కదలదు."

గున్‌వర్ చదివింది. వెన్ను నిటారుగా చేసి, పిడి మళ్ళీ బిగించి, గంట రెండుసార్లు కొట్టి, పదిహేడును సరస్సు వైపు వదిలింది.